లేచాక వెళ్తాను

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట ఆమెది ఇస్త్రీ పని. అందరికీ ఆమె ఇస్త్రీ అక్క. ఆవిరికి గోడలు చెమర్చే ఆ గదిలో ఆమె పెదవులు ఎప్పుడూ మెల్లగా కదులుతుండేవి.

"అక్కా, పైవాడితో ఫోన్లో ఉన్నావా?" అనేది పక్క బల్ల దగ్గరామె.

"ఆయన చెప్తే వింటున్నా. నీలాగా వాగడంలేదుగా."

పరిశుద్ధాత్మ నడిపింపు అంటే ఆమెకు దర్శనాలు కావు. పని మధ్యలో చెయ్యి ఆగిపోయేది. ఫలానా ఇంటికి వెళ్లు, ఫలానా మాట అనకు అని లోపల తోచేది. వినేది. ఎందుకో చాలాసార్లు తెలిసేది కాదు.

భర్త తాపీమేస్త్రి. కాలేయంలో గడ్డ లేచింది. డాక్టరు ఆమెను వరండాలోకి పిలిచి, ఇక ఇంటికి తీసుకెళ్లమన్నాడు. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించింది. స్వస్థత ఇస్తానని ఆత్మ పలికాడని పాస్టరుగారు చెప్పారు. అప్పట్నుంచి ఆ ఇంట్లో చావు మాట ఎత్తకూడదు. ఎత్తితే అవిశ్వాసం. చూడ్డానికొచ్చినవాళ్లు గుమ్మం బయటే కళ్లు తుడుచుకుని, నవ్వు ముఖంతో లోపలికొచ్చేవాళ్లు.

భర్త నమ్మాడు. అదే చిక్కు.

ఆయనకు ఒక్కడే తమ్ముడు. ఒకే గోడకు చెరో వైపునుంచి ఇటుకలు పేర్చినవాళ్లు. తాగుడు మానలేదని, బాప్తిస్మం తీసుకునేదాకా నా గుమ్మం తొక్కకని, ఒకనాడు అందరి ముందూ అన్నాడు ఆయన. తమ్ముడు తొక్కలేదు. ఇప్పుడు మంచంమీద ఆయనది ఒకటే మాట.

"వాణ్ణి అలా అనుండకూడదు. లేచాక నేనే వెళ్తాను."

ఒళ్లు పచ్చబడింది. కాళ్లు ఉబ్బాయి. లేచాక వెళ్తాను.

ఒక మధ్యాహ్నం ఇస్త్రీ చేస్తుంటే ఆమె చెయ్యి ఆగిపోయింది. గుడ్డ కాలిన వాసన వచ్చేదాకా కదల్లేదు. చెప్పు, అని తోచింది. అంతే.

ముందు పాస్టరుగారి దగ్గరికి వెళ్లింది.

"అయ్యగారూ, ఆయనకు నిజం చెప్పమని నాకు ప్రేరేపణ."

"ఆత్మ నాకో మాట, మీకో మాట చెప్పడమ్మా. మీకు వచ్చింది భయం."

ఉపవాసంతో ఆయన కళ్లు లోతుకుపోయి ఉన్నాయి. అబద్ధమాడే మనిషి కాదు. అందుకే ఆమె ఇంటికి చుట్టుదారిన నడిచింది.

ఇంటికొచ్చి, భర్తకు చెంచాతో నీళ్లు పట్టి, చెప్పింది.

"ఏవండీ. మీరిక లేవరు."

"ఎవరన్నారు?"

"డాక్టరు."

"దేవుడేమన్నాడు?"

"మీకు చెప్పమన్నాడు."

ఆయన గోడవైపు తిరిగాడు. "నన్ను నువ్వే పాతిపెడుతున్నావే" అన్నాడు. ఆమె నేలమీద కూర్చుంది. పొద్దు వాలాక గోడవైపునుంచే అన్నాడు.

"వాణ్ణి రమ్మను."

తమ్ముడు సిమెంటు అంటిన కాళ్లతోనే వచ్చి గుమ్మం దగ్గర ఆగాడు.

"వదినా, రావచ్చా? నేనింకా నీళ్లలో మునగలేదు."

"రారా" అన్నాడు ఆయన లోపల్నుంచి. "తాగొచ్చావా?"

"తాగితే ధైర్యంగా వచ్చేవాణ్ణి. తాగలేదు, అందుకే కాళ్లు వణుకుతున్నాయి." చుట్టూ చూశాడు. "ఆ మూల వంకరగా ఉంది. నువ్వు కట్టిందేనా?"

ఆయన నవ్వబోయి నొప్పితో ముడుచుకుపోయాడు. తమ్ముడు ఆ ఉబ్బిన పాదాల్ని ఒళ్లో పెట్టుకున్నాడు.

"నేనన్న మాట మనసులోంచి తీసెయ్‌రా."

"ఎప్పుడో తీసేశా." తమ్ముడు తల వంచుకున్నాడు. "లేదన్నా. తియ్యలేదు. ఇప్పుడు తీసేస్తున్నా."

మర్నాడు ఆయనకు స్పృహ తప్పింది. మళ్లీ రాలేదు.

సమాధి దగ్గర పాస్టరుగారు, విశ్వాసం సడలిన చోట అద్భుతం ఆగిపోతుందని ప్రార్థనలో అన్నారు. ఎవరూ ఆమెవైపు చూడలేదు. ఆదివారాలు చర్చిలో ఆమె పక్కన చాప ఖాళీగా ఉంటుంది. సాక్ష్యం చెప్పమని ఎవరూ పిలవరు. మరిది ఆమెను గేటుదాకా దింపి, బయట అరుగుమీద కూర్చుంటాడు. ఆమె లోపలికి రమ్మనదు.

ఇస్త్రీ గదిలో పక్క బల్లామె ఆటపట్టించడం మానేసింది. ఆమె పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి. ఆ రోజు విన్నది నీ గొంతేనా, నా భయమా అని అడుగుతుంది. చెయ్యి ఆగదు. దుప్పటి మడతపెట్టి, ఇంకోటి పరుస్తుంది.