కొసరు ముక్క

నా చిన్నప్పుడు నగరిలో మా అంగడికి వచ్చిన మనిషి కొసరు పుచ్చుకోకుండా మెట్టు దిగేవాడు కాదు. కందిపప్పు తూచాక పైన నాలుగు గింజలో, బెల్లం కొట్టాక కింద రాలిన పొడో, ఏదో ఒకటి చేతిలో పడాలి. దానికోసం వచ్చినవాళ్లు ఎంత పట్టు పట్టేవాళ్లో, ఇవ్వకుండా ఉండటానికి మా అవ్వ అంత పట్టు పట్టేది. తక్కెడ పట్టుకునేది మా నాయనే గాని, అంగడి నడిపింది అవ్వ. ఆమె పక్కన గోనెసంచి మీద కూర్చుని నేను మాటలు నేర్చుకున్నాను. అమ్మ, నాయన అనే మాటల తరవాత నా నోటికి వచ్చిన మూడో మాట 'కుదరదు' అని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు.

ఆ విద్య నన్ను ఈ వయసులోనూ వదల్లేదు. తిరుపతి మార్కెట్లో నేను కనబడగానే కొత్తిమీర అమ్మే ఆమె వాదించే ఓపిక లేక ముందే ఒక కట్ట తీసి పక్కన పెడుతుంది. మందుల అంగట్లో మాత్రల మీద కొసరు అడిగానని మా కోడలు నాతో బయటికి రావడమే మానేసింది. బీపీ మాత్ర ఒకటి ఎక్కువిస్తే వాళ్ల సొమ్మేం పోయిందో నాకు ఇంతవరకూ అర్థం కాలేదు.

అంగడి పిల్లలకు అప్పజెప్పాక చేతులు ఊరుకోక బొంతలు కుట్టడం మొదలుపెట్టాను. పాత నూలు చీరలు పొరలు పొరలుగా పరిచి, అంచు నుంచి మధ్యకు వరసగా కుట్టుకుంటూ పోవడమే. పెద్ద పనితనం అక్కర్లేదు, నడుము సహకరిస్తే చాలు. ఈ ఏడు నా సూదికి తీరిక దొరకలేదు. మనవరాలి పెళ్లికి ఒకటి కుట్టాను. చిన్నవాడు ఇల్లు కట్టి పాలు పొంగించినప్పుడు ఒకటి. మా తమ్ముడి షష్టిపూర్తికి మా అమ్మ చీరలతో ఒకటి కుట్టి ఇస్తే, పీటల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే దాన్ని భుజాల మీద కప్పుకున్నాడు. అన్నిటికన్నా చివరిది, అన్నిటికన్నా చిన్నది, ఆ తమ్ముడి కూతురికి పుట్టిన పసిదానికి.

నా ప్రతి బొంతకూ ఒక మూల, మిగతా దేనితోనూ పొంతన లేని ముక్క ఒకటి ఉంటుంది. గుడ్డ చాల్లేదా అవ్వా అని మనవరాలు అడిగింది. చాలక కాదు. అది కొసరు. దాని సంగతి చెప్పాలంటే మా తమ్ముడు పుట్టిన నాటికి పోవాలి.

నా తరవాత మా అమ్మకు ఇద్దరు బిడ్డలు పుట్టి, ఇద్దరూ ఉయ్యాల ఎక్కకుండానే పోయారు. ఆ తరవాత తమ్ముడు పుట్టినప్పుడు ఇంట్లో ఎవరూ పెద్దగా నవ్వలేదు. నవ్వితే ఎవరో వింటారన్నట్టు ఉండేవాళ్లు. వాడు బాగా చిన్నగా పుట్టాడు, పాలు సరిగా తాగేవాడు కాదు. డాక్టరమ్మ ఇంటికొచ్చి చూసి, మందిచ్చి, వెచ్చగా పెట్టుకోమంది. అమ్మ వాణ్ణి ఒళ్లోంచి దించేది కాదు. తాను కన్ను మూస్తే వాడు ఊపిరి ఆపేస్తాడేమోనని నిద్రపోయేది కాదు. ఆమె కళ్ల కింద నలుపు రోజురోజుకూ కిందికి దిగుతూ ఉండేది.

మా ఇళ్లల్లో ఒక ఆచారం ఉండేది. ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే, తరవాతి బిడ్డకు ఇంటి గుడ్డ గాని కొన్న గుడ్డ గాని తగలనివ్వరు. పిల్లలు చల్లగా ఉన్న ఇళ్లకు పోయి పాత గుడ్డలు అడుక్కొచ్చి, వాటితో బొంత కుట్టి, ఆ బొంతలోనే చుట్టి ఉయ్యాలలో వేస్తారు. తీసుకుపోవడానికి వచ్చిన మృత్యువు ఆ అతుకులు చూసి, ఎవరో లేనివాళ్ల బిడ్డలే, మనకెందుకని వెనక్కి పోతుందట. అమ్మ ఆ మాటను గట్టిగా పట్టుకుంది. పట్టుకోవడానికి ఆమెకు ఇంకేమీ లేదు.

మరి అడుక్కొచ్చేది ఎవరు? అమ్మ పురిటి మంచం దిగకూడదు. నాయన అంగడి వదిలి రాలేడు. ఇక అవ్వ ఉంది గాని, ఆమె ఎవరి ముందూ చెయ్యి చాచినది కాదు. మా తాతయ్య పోయినప్పుడు చుట్టాలు తెచ్చిన బియ్యానికి కూడా బదులు పప్పు కొలిచి పంపిన మనిషి. అందుకని నన్ను పిలిచి, పోయి నాలుగిళ్లలో పాత గుడ్డలు అడుక్కుని రమ్మంది. చిన్నపిల్లవి, నీకేం నామోషీ అంది.

మొదటి ఇంటి గడప ముందు నిలబడ్డాను. 'గుడ్డ ఇయ్యండి' అని రెండంటే రెండు మాటలు. అవి గొంతులోంచి రాలేదు. మా అంగట్లో పుట్టి పెరిగిన పిల్లకు ఆ రెండో మాట ఎప్పుడూ అవసరం పడలేదు. ఇంటామె బయటికొచ్చి ఏం పాపా అంటే, నా నోట్లోంచి మీకు చింతపండు కావాలా అని వచ్చింది. ఆమె కావాలంది.

అక్కడి నుంచి నాకు దారి దొరికింది. అంగట్లోకి పోయి పావడ ఒడి నిండా చింతపండు, బెల్లం ముక్కలు వేసుకుని బయల్దేరాను. ఒక ఇంట్లో చింతపండుకు పంచె ముక్క, ఇంకో ఇంట్లో బెల్లానికి పాత లంగా. చిరుగు చూపించి నేనిచ్చేది తగ్గించాను. రంగు వెలిసిందని మొహం చిట్లించాను. ఒక ముసలామె తువ్వాలు ఊరికే తీసుకోమంటే, ఊరికే వచ్చే సరుకులో ఏదో లోపం ఉంటుందని దాన్ని వెలుతురుకు పట్టి చూశాను.

చివరికి పక్కింటి అక్క దగ్గరికి పోయాను. వాళ్లది మగ్గం ఇల్లు. ఆమె పిల్లలు గుండ్రాళ్లలా వీధంతా దొర్లుతూ ఉండేవాళ్లు. తాను కట్టి కట్టి మెత్తబడిన చీర సగం చించి ఇచ్చి, బెల్లం వద్దంది. నేను వింటేనా? ఆమె గుప్పిట్లో కుక్కి వచ్చాను. మీ అవ్వ పోలికేనే నీకు అని నవ్వింది. దాన్ని నేను మెచ్చుకోలు కిందే జమ వేసుకున్నాను.

అవ్వ ఆ గుడ్డలన్నీ ఉడకబెట్టి, ఆరేసి, బొంత కుట్టడానికి కూర్చుంది. అంగట్లో బెల్లం తగ్గిందని గమనించలేదు. పావు పలం పోయినా పసిగట్టే మనిషి. ఆ రోజుల్లో ఆమె మనసు ఎక్కడ ఉండిందో నాకు ఇప్పుడు తెలుస్తోంది.

ఉయ్యాలలో వేయడానికి ముందు రోజు మధ్యాహ్నానికి బొంత పూర్తయింది. అమ్మ దాన్ని మంచం మీద పరిచి తమ్ముణ్ణి పడుకోబెట్టింది. అది మెత్తగా ఉందని, మంచి గుడ్డలు దొరికాయని నన్ను దగ్గరికి తీసుకుంది. ఇక నేను ఆగలేకపోయాను. ఏ ఇంట్లో ఎంత గీచి గీచి తెచ్చానో, పంచె ముక్కకు ఎంత తక్కువ చింతపండుతో సరిపెట్టానో అంతా చెప్పాను. ఒక్కటి కూడా ఊరికే తేలేదమ్మా అన్నాను, గొప్పగా.

అమ్మ చెయ్యి నా వీపు మీద ఆగిపోయింది. బిడ్డను ఎత్తుకుని, బొంతను మంచం అంచుకు తోసేసింది. కొన్న గుడ్డ, అంది. నన్ను తిట్టలేదు, కొట్టలేదు. బిడ్డతో సహా గోడవైపు తిరిగి పడుకుంది. వాడు సన్నగా ఏడుస్తున్నాడు.

నాయన వచ్చి, డబ్బులిస్తే కదా కొన్నట్టు, బెల్లమిస్తే కొన్నట్టు ఎట్లా అవుతుందని వాదించాడు. అంగడి మనిషి వాదన. అమ్మ తల తిప్పలేదు. తెల్లారితే ఉయ్యాల. మళ్లీ ఊరు తిరిగి, గుడ్డలు ఉడకబెట్టి, ఇంకో బొంత కుట్టే పొద్దు లేదు.

అవ్వ లేచింది. బొంతను మడిచి చంకలో పెట్టుకుంది, ఇంకో చేత్తో నన్ను పట్టుకుంది. పక్కింటికి తీసుకుపోయింది.

పక్కింటి అక్క మగ్గం దిగి వచ్చింది. అవ్వ ఆమె చేతుల్లో బొంత పెట్టి, ఇది ఇంక నీది, మాకు దీని మీద ఏ హక్కూ లేదంది. అక్క తెల్లబోతే, జరిగిందంతా చెప్పింది. చెప్పి, గడప దిగి, వీధిలో నిలబడి, కొంగు పరిచి రెండు చేతులతో పట్టుకుంది.

"మా బిడ్డకు గుడ్డ లేదు. ఆ బొంత ఇయ్యమ్మా," అంది.

దారిన పోయేవాళ్లు ఆగారు. మా అవ్వ కొంగు చాచడం ఆ వీధి ఎరగదు. అక్క కళ్లల్లో నవ్వు మెరిసింది. ఎన్నాళ్ల బాకీయో తీర్చుకునే అవకాశం మరి.

"ఊరికేనా అవ్వా?"

"ఊరికే."

"మీ అంగట్లో ఆ మాట నేనెప్పుడూ వినలేదే. మొన్న పిడికెడు శెనగలు కొసరు అడిగితే సేతి మీద కొట్టినావు."

"కొట్టినా," అంది అవ్వ. కొంగు దించలేదు. నావైపు చూసి, గుప్పిట్లో ఏముందని అడిగింది. దారిలో తినడానికి తెచ్చుకున్న బెల్లం ముక్క ఉంది.

"పారెయ్. అడిగేటప్పుడు సెయ్యి కాళీగా ఉండల్ల. ఏదో ఒకటి పట్టుకోనుంటే అది అడిగినట్టు కాదు, బేరమే."

సరుకు పారేయడం మా వంశంలో లేదు. నోట్లో వేసుకున్నాను. వేసుకుని అవ్వ పక్కన నిలబడి రెండు చేతులూ చాచాను. నోరు నిండి మాట రాలేదు. అడగడానికి మాట కూడా అక్కర్లేదని అప్పుడు తెలిసింది.

ఆట ఇంకా తీరక అక్క, చెవిలో పడలేదు, ఇంకొకసారి అడగమంది. అవ్వ నోరు తెరిచింది. పొద్దున్నుంచి పొద్దుగుంకేదాకా అంగట్లో మోగే ఆ గొంతు సన్నగా అయిపోయింది.

"ఇయ్యమ్మా. ఇద్దరు పోయినారు."

అక్క మొహంలో నవ్వు ఆగిపోయింది. గబగబా గడప దిగి బొంతను అవ్వ కొంగులో వేసింది. వేసి, ఉండండని, తాను కట్టుకున్న పసుప్పచ్చ చీర కొంగు చివర పళ్లతో కొరికి చించింది. వెలిసిపోయిన అతుకుల బొంతకు ఆ పసుపు ముక్క ఎంతమాత్రం పొసగదు. అయినా అరుగు మీదే కూర్చుని ఒక మూల కుట్టేసింది.

"ఇది కొసరు. ఊరికే ఇచ్చేదానికి గూడా కొసరుంటాది, సూడు అవ్వా," అంది.

ఇంటికొచ్చేసరికి అమ్మ ఇంకా గోడవైపే తిరిగి ఉంది. అవ్వ బొంతను ఆమె పక్కన పరిచింది.

"అడిగినావా అత్తా?"

"అడిగినా."

"నువ్వేనా?"

"నేనే. నడీదిలో నిలబడి."

అమ్మ ఇటు తిరిగి అవ్వ మొహంలోకి చాలాసేపు చూసింది. తరవాత బిడ్డను బొంత మీద పడుకోబెట్టింది. పసుపు మూల కనబడి ఇదేందని అడిగితే, బెల్లం నోటితో నేను కొసరు అన్నాను. మా అమ్మ నవ్వింది. తమ్ముడు పుట్టాక ఆ ఇంట్లో వినబడిన మొదటి నవ్వు అది. నవ్వుతూనే వాడి మీద చెయ్యి వేసుకుని నిద్రపోయింది. దీపాలు పెట్టేదాకా లేవలేదు. వాడు మేలుకుని కాళ్లు ఆడిస్తుంటే అవ్వ మంచం పట్టె మీద కూర్చుని ఇద్దరికీ కాపలా కాసింది. ఆ సాయంత్రం మా అంగట్లో అడిగినవాళ్లందరికీ కొసరు పడింది. మర్నాటికి అంతా మామూలే.

తమ్ముడు దక్కింది బొంత వల్లనా, డాక్టరమ్మ మందు వల్లనా అని మా పిల్లలు నన్ను అడుగుతుంటారు. మందు వల్లే అయి ఉంటుంది. బొంత వల్ల మా అమ్మకు నిద్ర పట్టింది. నిద్రపోయి లేచిన తల్లికి పాలు పడ్డాయి. అరవై ఏళ్లు నిండి, షష్టిపూర్తి పంక్తిలో మూడోసారి పాయసం వేయించుకున్న మనిషిని చూశాక ఇక ఆ లెక్క విడగొట్టబుద్ధి కాదు.

మొన్న వాడి కూతురికి నెలలు నిండకుండానే బిడ్డ పుట్టింది. ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు. చేయాల్సిందంతా డాక్టర్లు చేస్తున్నారు, భయం లేదని చెబుతూనే ఉన్నారు. అయినా ఆ పిల్ల పెట్టె ముందు కుర్చీలో కూర్చుని రెప్ప వేయకుండా చూస్తోంది. కళ్ల కింద ఆ నలుపు నేను ఎరిగిందే. ఎవరూ నన్ను ఆచారం గురించి అడగలేదు. నేనూ ఆమెతో చెప్పలేదు. ఇంటికొచ్చి గుడ్డ అడగడానికి బయల్దేరాను.

మేముండేది అలిపిరి దారిలో ఒక అపార్ట్‌మెంటు. పై అంతస్తులో ఉండే అమ్మాయికి నేనంటే హడల్. తన పాత మిక్సీ అమ్ముతానంటే బేరమాడి ఆమెను నేను ఏడిపించినంత పని చేశాను. తలుపు తీయగానే, ఈసారి ఏం బేరం ఆంటీ అంది. నేను రెండు చేతులూ చాచి, పసిబిడ్డ సంగతి చెప్పి, మీ పిల్లల పాత గుడ్డ ఒకటి ఇయ్యమ్మా అన్నాను. ఈ వయసులోనూ ఆ రెండో మాట గొంతులో ఒకసారి అడ్డం పడింది. ఆమె నవ్వడం మానేసి లోపలికి పోయి, కూతురి నూలు గౌను తెచ్చింది. గడప దాటబోతుంటే వెనక నుంచి పిలిచి, చిన్నప్పటి టోపీ కూడా చేతిలో పెట్టింది. కొసరు అనే మాట ఆమెకు తెలియదు. ఇవ్వడం తెలుసు. ఆ టోపీ విప్పి బొంత మూలకు కుట్టాను.

పసిది బరువు పెరిగి ఇంటికొచ్చింది. ఈ వారం తమ్ముడు ఫోన్‌లో ఫొటో పంపాడు. బొంతలో అది, పక్కనే వాళ్లమ్మ, ఇద్దరూ నోళ్లు తెరుచుకుని నిద్రపోతున్నారు. ఆ ఫొటో మార్కెట్లో కొత్తిమీర ఆమెకు కూడా చూపించి, ఆ సందట్లో రెండు కట్టలు పట్టుకొచ్చాను.

మార్కెట్‌కు పోయేటప్పుడు నేను పర్సును చంకలో బిగించి పట్టుకుంటాను. గుడ్డ అడగడానికి పోయేటప్పుడు మాత్రం దాన్ని కోడలి చేతికిచ్చి, ఉత్త చేతులతో మెట్లెక్కుతాను. దగ్గరుంటే ఎవరికైనా ఏదైనా ఇచ్చేసి కొనేస్తానేమోనని, నా మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు.