ఆఫీసరుగారు తాగిన దొరువు నీళ్లు

అరవైల మొదట్లో మాట. కోవూరు పక్క నుంచి సముద్రం ఒడ్డు పల్లెకు కోడలిగా వచ్చిన నన్ను, ఆడవాళ్లు ఒకరుండాలని పంచాయతీలో చేర్చుకున్నారు. మీటింగుల్లో నేను నోరు తెరిచింది లేదు.

ఒకరోజు ఊళ్ల అభివృద్ధిని లెక్కకట్టే ఆఫీసరుగారు మీటింగుకు వచ్చారు. "మీ ఊళ్లో ఒక్క బావీ లేదు. వెనకబడిన ఊరని రాస్తున్నాను. లోతైన సిమెంటు బావి తవ్విస్తాం" అన్నారు. అందరూ తలలూపారు.

నేను లేచాను. "లోతుకు పోతే ఉప్పునీళ్లే సార్. వాననీళ్లు ఇసకలో పైనే నిలిచుంటాయి. అక్కడ గుంట తీస్తే అదే మా దొరువు. రోజూ తోడేది నేనే."

"సముద్రం పక్కన మంచినీళ్లా? చూపించమ్మా" అన్నారాయన.

ఊరంతా వెంట వచ్చింది. ఆయన కళ్లముందే కొత్తచోట పార వేశాను. మోకాలి లోతు తవ్వినా తడి ఇసకే. ఎవరో నవ్వారు. నేను పార ఆపాను. మా అత్త పక్కన కూర్చుని, "ఇంకొంచెం తవ్వు మే, నేనుండాగా" అంటూ చేతులతో ఇసక తోడింది. అడుగున నీళ్లు ఊరాయి. తేటపడ్డాక చెంబుతో ముంచి ఇచ్చాను.

ఆయన గటగటా తాగి మళ్లీ చెంబు చాచారు. "నీళ్లున్న ఊరనే రాస్తాను. మరి మీకేం కావాలో నువ్వే చెప్పమ్మా."

"బడికి కప్పు సార్. వానొస్తే పిల్లోళ్లు ఇళ్లకు పోవాల్సొస్తాది."

మరుసటి వానాకాలం పెంకుల కింద పిల్లలు ఎక్కాలు చదవడం విన్నాను. ఊరికి ఏముందో, ఏం లేదో ఊరివాళ్లే చెప్పాలని నాకు గట్టిగా తెలిసింది అప్పుడే.