కొంగల తర్వాత పందులు

పంది ఏ పాపమూ ఎరగదని నేను వాదించను. ఎవరైనా ఆ మాట అంటే వాళ్లతోనూ పోట్లాడతాను. జంతుశాస్త్రం చదివినదాన్ని, పందులు పెంచిన ఇంట్లో పుట్టినదాన్ని. రెండు వైపుల నుంచీ మాట్లాడే హక్కు నాకుంది. మెదడువాపు వైరస్ కాపురం ఉండేది కొంగల్లో. కొంగకు జబ్బు చేయదు. దాన్ని కుట్టిన దోమ పోయి పందిని కుడుతుంది. పంది కూడా మామూలుగానే తిరుగుతుంది, కానీ దాని రక్తంలో వైరస్ పుట్టలు పుట్టలుగా పెరుగుతుంది. ఆ రక్తం తాగిన దోమలు ఆవునూ కుడతాయి, మనిషినీ కుడతాయి. ఆవులో అది ఎదగలేక ఆగిపోతుంది. మనిషిలోనూ ఆగిపోతుంది, కాకపోతే కొన్నిసార్లు మనిషిని కూడా తనతో తీసుకుపోతుంది.

మా ఇల్లు తమిళ సీమలో, చిన్నమనూరు పక్కన ఒక నూలు మిల్లు కూలీల ఇళ్ల లైన్లలో చివరిది. కాంపౌండులోని చింతచెట్ల నిండా కొంగల గూళ్లు. గోడకు ఇవతల మా అమ్మ పందుల దొడ్డి. దొడ్డిని ఆనుకొని వరిమళ్లు. ఏడాదిలో చాలా నెలలు అక్కడ నీళ్లు నిలిచే ఉండేవి. దోమకు కావలసినవన్నీ ఇంత దగ్గరగా ఎవరూ అమర్చి పెట్టరు. నాన్న పోయాక అమ్మ మిల్లులో ఊడ్చేది, ఇంటిదగ్గర పందులు మేపేది. ఊడ్చిన కూలి తిండికి, పందులు నా చదువుకు. నేను పీలమేడు కాలేజీ హాస్టల్లో కూర్చొని పుస్తకం తిరగేశానంటే అది ఆ పందుల వీపుల మీదే.

ఆ వానాకాలం సెలవుకు వచ్చేసరికి మా తల్లిపంది ఈని ఉంది. పిల్లలన్నీ చచ్చే పుట్టాయి. కొన్ని నల్లగా, ఎండు చింతకాయల్లా ఉన్నాయి. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మా అమ్మ పందికి ఉప్పు దిష్టి తీస్తోంది.

“అమ్మా, ఇది దిష్టి కాదు. కొంగల నుంచి దోమలు తెచ్చే జబ్బు. దొడ్డిని దూరంగా మార్చు.”

“దూరంగా నక్కలుండాయి. నువ్వు పోయి కావిలి పండుకుంటావా?”

“జబ్బు మనుషులకొస్తే?”

“పందికి జబ్బంటావు, కొంగకు జబ్బంటావు. నీకుండే జబ్బు నోరొకటే పాప.”

మా వరసలోనే స్పిన్నింగులో పనిచేసే ఒకాయన ఉండేవాడు. మా అమ్మను అక్కా అని పిలిచేవాడు. ఆయన కూతురు బడికి పోయే పిల్ల. జ్వరం వచ్చింది, మెడ కొయ్యలా బిగిసింది, ఫిట్స్ వచ్చాయి. మధురై ఆసుపత్రికి తీసుకుపోయి శవాన్ని వెనక్కి తెచ్చారు. ఆ బిడ్డకు చివరి నీళ్లు పోసిన ఆడవాళ్లలో మా అమ్మ ఒకతె.

తర్వాత ఆరోగ్యశాఖ మనిషి వచ్చాడు. కొంగ, దోమ, పంది, మనిషి అని తమిళంలో వేళ్లు మడిచి చెప్పాడు. నిలిచిన నీళ్లు తీయించండి, పందుల్ని ఇళ్లకు దూరంగా కట్టండి అని జీపెక్కిపోయాడు. ఆయన చెప్పినవాటిలో దోమ ఎవరి చేతికీ చిక్కదు. మనిషిని పక్కన పెడితే మిగిలినవి రెండు, కొంగ, పంది.

మర్నాడు పొద్దున మిల్లు సంగు, అదే సైరన్, ఊదగానే, షిఫ్టు దిగిన మగవాళ్లు ముందు కొంగల మీద పడ్డారు. వెదురు గడలతో గూళ్లు పొడిచారు. దీపావళికి మిగిలిన టపాకాయలు కొమ్మల్లోకి విసిరారు. ఈకలు రాని పిల్లలు కింద పడి, నోళ్లు తెరిచి, కాళ్ల కింద నలిగాయి. ఆడవాళ్లు పొరకలతో కొట్టారు. కుక్కలకు ఆ రోజు పండగ. నేను మధ్యలో నిలబడి అరిచాను.

“అణ్ణా, ఇక్కడ తరిమితే పక్కూరి చెరువుకు పోతాయి. వైరసూ వాటితోనే పోతుంది. అక్కడ బిడ్డలు లేరా?”

“అక్కడ సావనీ పాప. మా బిడ్డ సచ్చినప్పుడు ఆ వూరోడు వచ్చి ఏడ్సినాడా?” అన్నాడు గడ పట్టుకున్న ఒకడు.

పెద్ద కొంగలన్నీ ఎగిరిపోయాయి. చేతులకు నెత్తురంటింది, కసి తీరలేదు. అందరూ గోడ ఇవతలకు తిరిగారు.

అమ్మ దొడ్డి వాకిట అడ్డంగా నిలబడింది. ముందు వచ్చినవాడు బిడ్డ పోయిన తండ్రే. చేతిలో ఇనుప కడ్డీ.

“పక్కకు పో అక్కా.”

“నీ బిడ్డకు నీళ్లు పోసిన చేతులు ఇవి. వీటిని తొక్కి పో.”

ఆయన ఆగాడు. వెనక ఉన్నవాళ్లు ఆగలేదు. ఎవరో అమ్మను జుట్టు పట్టి ఈడ్చారు. నేను ఒకడి చెయ్యి కొరికాను, వాడి మోచెయ్యి తగిలి నా పెదవి చీలింది. వాకిలి విరిగింది. కట్టేసిన పందుల్ని కట్టేసినట్టే కొట్టారు. ముట్టెల మీద, కళ్ల మీద, కడుపుల మీద. పంది అరుపు మనిషి అరుపులా ఉంటుందని అంటారు. శుద్ధ అబద్ధం. మనిషి అలా అరిస్తే ఎవరో ఒకడైనా ఆగుతాడు. ఆ తండ్రి కూడా చివరికి లోపలికి వెళ్లాడు. కడ్డీ ఎత్తడం చూశాను, తల్లిపంది మీద దిగడం చూశాను.

మాలో పంది కోస్తే ఒక పద్ధతి ఉంది. ముందు కాలు పట్టినవాడికి ముందు తొడలో వాటా, వెనక కాలు పట్టినవాడికి వెనక తొడలో, మొదటి దెబ్బ వేసినవాడికి తల. మధ్యాహ్నానికి ఆ అలవాటు చొప్పునే కొందరు గిన్నెలు పట్టుకొని మా వాకిట నిలబడ్డారు. సిగ్గులేక వచ్చారనుకోను. పంది చచ్చిన ఇంటికి గిన్నెతో పోవడమే వాళ్లెరిగిన మర్యాద.

అమ్మ జుట్టులో నెత్తురు ఎండి అట్టకట్టి ఉంది. కత్తి నూరుతోంది.

“రాండి. ఎవురెవురు ఏ కాలు పట్టితిరో చెప్పి తీసుకోండి.”

ఒకడు, “నేను వూరికే చూస్తా వుంటిని అక్కా,” అన్నాడు. “నేను ఆపేదానికి వస్తిని,” అన్నాడు ఇంకొకడు.

“అట్లయితే ఇవి ఎవురూ కొట్టకనే గాలికి సచ్చినట్టు. గాలికి సచ్చినదాన్ని మేము తినము. పోండి.”

గిన్నెలు వెళ్లిపోయాయి. “తినేదానికి ఉండే నోరు ఒప్పుకునేదానికి లేదా?” అని వాళ్ల వెనక అరిచాను. అమ్మ నన్ను గద్దించింది.

అప్పుడు వచ్చాడు ఆ తండ్రి. ఉత్త చేతులతో వచ్చాడు.

“పెద్దదాన్ని కొట్టింది నేనే అక్కా. మొదటి దెబ్బ నాదే.”

తల్లిపంది ఇంకా చావలేదు. నడుము విరిగి, ముందు కాళ్లతో మట్టిని గీరుతోంది.

“సగం సంపి వదిలేది మన పద్ధతి కాదు,” అంది అమ్మ. “పట్టు.”

ఆయన మోకాళ్ల మీద కూర్చొని కాళ్లు పట్టుకున్నాడు. అమ్మ మెడ కింద పొడిచింది. నెత్తురు ఆయన మోచేతుల దాకా చిమ్మింది. పంది కదలడం ఆగాక కూడా ఆయన వదల్లేదు. అమ్మే వేళ్లు విడదీసింది. తల కోసి, ఆయన తుండుగుడ్డలో పెట్టింది.

“అమ్మా, బిడ్డ పోయిన ఇంటికి ఇదా?” అన్నాను.

“నీ వాదం కాలేజీలో పెట్టుకో. చెప్పి అడిగినోడికి ఇచ్చేది ఇయ్యాల.”

ఆయన మూట కట్టుకొని లైన్ల మధ్య నుంచి నడిచి వెళ్లాడు. ఇంట్లో వండారో పూడ్చారో అమ్మ ఏనాడూ అడగలేదు. మిగిలినవాటిని సున్నం చల్లి గుంతలో పూడ్చాం. పొద్దు వాలేసరికి వరిమళ్ల నుంచి దోమలు లేచి ఖాళీ దొడ్డి మీద కాసేపు ముసిరి, గుంత పక్కన నిలబడ్డ మా ఇద్దరి మీదికి వచ్చాయి.

అమ్మ మళ్లీ పందిని తేలేదు. నా చదువు పూర్తయ్యేదాకా మిల్లులో రెండో షిఫ్టు కూడా ఊడ్చింది.