కుడివైపు పైమూల చుక్క

ఆపరేటరు బాబాయిగారు పోయారని మా వీధి గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు నేను నమ్మలేదు. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడుతున్నా నమ్మలేదు. ఆ అలవాటు ఆయన నేర్పిందే. పోయిన ఏడాది ఇదే గ్రూపులో ఒక పాత నటుడు పోయాడని ఎవరో పెడితే అందరం సంతాపాలు చెప్పేశాం. సాయంత్రానికి ఆ నటుడే టీవీలో కనిపించి బతికే ఉన్నానన్నాడు. "చూసేరా, నేను నమ్మేనా?" అని బాబాయిగారు నెల్లాళ్ళు మురిసిపోయారు. అందుకని మిషను మీద జాకెట్టు అలాగే వదిలేసి ఎదురింటికి నడిచాను. అరుగు మీద ఆయన పడకకుర్చీ మడిచి గోడకి ఆనించి ఉంది. ఆ కుర్చీని మడిచి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. అప్పుడు నమ్మాను.

రాజోలు వెళ్ళే దారిలో ఉన్న మా ఊరి సినిమా హాల్లో ఆయన ముప్పై ఏళ్ళు ప్రొజెక్టరు నడిపారు. హాలు మూతబడి అందులో కొబ్బరికాయలు పోయడం మొదలయ్యాక ఆయనకి దిక్కు నా కుట్టుగదిలోని టీవీయే. ఇంట్లో టీవీ పిన్నిగారి సీరియల్స్‌కి అంకితం. మధ్యాహ్నం రెండవగానే వచ్చి స్టూలు మీద కూర్చునేవారు. బొమ్మలో ఎవరున్నా సరే, ఆయన చూపు మాత్రం తెరకి కుడివైపు పైమూల ఉండేది.

ఎందుకలా చూస్తారని అడిగితే చెప్పారు. ప్రతి రీలు చివరా ఆ మూల ఒక చిన్న చుక్క మెరుస్తుందట. మొదటి చుక్కకి పక్క ప్రొజెక్టరు మోటారు వెయ్యాలి. కాసేపటికి రెండో చుక్క. అది పడగానే ఈ రీలు ఆపేసి అందులోకి మార్చెయ్యాలి. ముప్పై ఏళ్ళు చుక్కల కోసం కాసుకున్న కళ్ళు టీవీ ముందు కూడా కుదురుగా ఉండేవి కావు. "చుక్క లేకుండా మారిపోతంది చూడమ్మా. ఎక్కడ కోసేరో, ఎక్కడ అతికేరో మనకి తెలీనివ్వరు" అనేవారు.

పాటల పోటీలంటే మరీ అనుమానం. "పిల్ల ఇంకా పల్లవిలోనే ఉందమ్మా, జడ్జీగారు అప్పుడే కళ్ళొత్తుకుంటన్నారు. ఈ ఏడుపు నిన్నటిది." చప్పట్లు కొట్టే జనంలో పసుపుచీర ఆవిడని పట్టేసేవారు. "ఈవిడే కదమ్మా మొన్న కామెడీ ప్రోగ్రాంలో నవ్వింది? ఇవాళిక్కడ ఏడుస్తంది." కొత్త పాట వస్తే చెవి రిక్కించి వినేవారు. "చరణం అంతా అయిపోయింది. ఒక్కసారి ఊపిరి తీసుకోలేదు. మనిషేనంటావా?"

నాకు విసుగొచ్చి, "బాబాయిగారూ, పాట నచ్చిందా లేదా, అది చెప్పండి ముందు" అన్నాను ఒకసారి.

"నచ్చిందమ్మా. అదే నా అనుమానం."

ఇక ఆయన 'ఆయ్'. మా వైపు ఎవరు 'ఆయ్' అన్నా ఔననే అర్థం. ఆయన దగ్గర మాత్రం రెండు రకాలుండేవి. కురచది నిజంగా ఒప్పుకున్నట్టు. సాగదీసి, ఇంటికప్పు వైపు చూస్తూ అన్నది మాట దాటేసినట్టు. ఆ తేడా పట్టుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. పట్టుకున్నాక మనశ్శాంతి పోయింది.

దానికి కారణం ఒక సినిమా. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా అమ్మతో కలిసి ఆ హాల్లోనే మ్యాటినీ చూశాను. పడవ నడుపుకునే అన్నదమ్ముల కథ. తమ్ముడు వరదలో కొట్టుకుపోతాడు. అన్న ఒడ్డున నిలబడి గొంతు పోయేలా అరుస్తాడు. ఆ వెంటనే వచ్చే సీనులో ఆ తమ్ముడే వంటింట్లో పీట మీద కూర్చుని, వదినని ఆటపట్టిస్తూ, పులుసులో ముక్కలన్నీ తనే ఏరుకుని తింటుంటాడు. పోయాడని తెలిసి ఆ నవ్వు చూడాలి. హాల్లో ఆడవాళ్ళంతా వెక్కివెక్కి ఏడ్చారు. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే. నాన్న పోయినప్పుడు కూడా నా ముందు కన్నీరు పెట్టుకోలేదు. నాలుగు రోజులాగి అత్తతో మళ్ళీ వెళ్ళాను. అదే వరస, అవే ఏడుపులు. చావు ముందు చూపించి మనిషిని తర్వాత చూపించిన ఆ డైరెక్టరంత గొప్పవాడు లేడని పెద్దయ్యి మిషను పట్టాక జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్ళతోనూ వాదించాను.

రెండేళ్ళ క్రితం ఆ సినిమా టీవీలో వచ్చింది. పని పక్కనపెట్టి కూర్చున్నాను. తమ్ముడు ముందు అన్నం తిన్నాడు. తర్వాత వరదలో పోయాడు. అన్ని సినిమాల్లాగే. నాకు ఒళ్ళు మండిపోయింది. "వీళ్ళు వరస మార్చేసేరండి బాబాయిగారూ!" అన్నాను. ఏ ఛానలునీ నమ్మని మనిషి ఆ రోజు ఎవర్నీ ఏమీ అనలేదు. "ఆ...య్" అని కప్పు వైపు చూశారు.

కువైట్‌లో ఉన్న మా చెల్లెలు ఫోనులో ఆ సినిమా చూసి, "కథ ఇలాగే ఉందక్కా. నువ్వేదో కలగన్నావు" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. సీను కలయితే అమ్మ ఏడుపూ కలేనా? అడుగుదామంటే అమ్మ లేదు. ఆ రోజునుంచి నా అనుమానం బాబాయిగారి మీదకి తిరిగింది. లోకంలో అతుకులన్నీ ఈయనకి ఇంత బాగా ఎలా కనపడుతున్నాయి? ఎన్నిసార్లు కదిపినా ఆ సాగదీసిన ఆయ్ తప్ప ఇంకో మాట రాలేదు.

ఈమధ్య ఆయన మంచం పట్టాక మధ్యాహ్నాలు నేనే వెళ్ళేదాన్ని. ఒకరోజు ఫోనులో ఆ సినిమా పెట్టి దిండుకి ఆనించాను. ఏమీ అడగలేదు. ఆయన చూస్తున్నారు. తమ్ముడు పీట వాల్చబోతుండగా ఆయన చెయ్యి లేచింది. తెర కిందున్న గీతని వేలితో ముందుకి జరిపారు. వరద వచ్చింది. అన్న అరిచాడు. అదంతా అయ్యాక ఆ వేలే గీతని వెనక్కి లాక్కొచ్చింది. తమ్ముడు పీట వాల్చుకుని నవ్వుతూ కూర్చున్నాడు.

ఆయనే మొదలుపెట్టారు. "అవతలి ఒడ్డు హాలుకీ మనకీ ఒకటే ప్రింటమ్మా. అక్కడ ఆడేసిన రీళ్ళు పంటు మీద గోదారి దాటి ఇటొచ్చేవి. ఆ రోజు ఒకటే వాన. డబ్బాల మీద సుద్దతో రాసిన నెంబర్లు కడుక్కుపోయేయి. హాల్లో ఈలలు. విప్పి చూసుకునే టైమేదీ? చేతికొచ్చింది ఎక్కించేసేను."

"అంటే పొరపాటాండి?"

"మొదటి ఆట పొరపాటమ్మా. తర్వాత ఆటలు కాదు." కాస్త ఊపిరి తీసుకున్నారు. "ప్రొజెక్టరు కన్నంలోంచి చూసేను. ఆడాళ్ళంతా ఏడుస్తన్నారు. మీ అమ్మగారు కొంగు అడ్డం పెట్టేసుకున్నారు. పోయేడని తెలిసేక చూస్తే మనిషి ఇంకా బాగా కనపడతన్నాడు. మళ్ళీ సరిచెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు."

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"ఆ డైరెక్టరు గొప్పోడని నువ్వు పొగుడుతుంటే నన్నే అనుకుని వింటన్నానమ్మా. చెప్పేస్తే మానేస్తావేమోనని."

నవ్వాను, ఏడ్చాను. మా అమ్మని నాకు తిరిగిచ్చేశారాయన. "మీరే గొప్పవారండి" అన్నాను. "ఆయ్" అన్నారు. కురచదే.

పదకొండో రోజున ఫోటోకి దండ వేశారు. పిన్నిగారు కుంకుమ భరిణె నా చేతికిచ్చి, "నువ్వు పెట్టమ్మా" అన్నారు. నుదుట బొట్టు పెట్టాను. వేలికి ఇంకా కుంకుమ ఉంది. ఏమనుకుని చేశానో తెలియదు, ఫోటో అద్దానికి కుడివైపు పైమూల చిన్న చుక్క పెట్టాను. పెట్టాక భయం వేసింది. పిన్నిగారు దగ్గరికొచ్చి చూశారు. ఇన్నేళ్ళు ఆపరేటరుగారితో కాపురం చేసిన మనిషికి ఆ చుక్క సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. తుడిచేస్తారనుకున్నాను.

"రెండోది మాత్రం పెట్టకమ్మా" అన్నారు.

ఫోటోకి ఆ మూల ఒక్క చుక్కే ఉంది. ఎదురింటికి ఎప్పుడు వెళ్ళినా నా కళ్ళు ముందు అక్కడికే పోతాయి, ఎవరైనా పక్కన రెండోది పెట్టేశారేమోనని.