అందరి ముందు తాగిన తెలుగు సారు

ముప్పై నాలుగేళ్ళు కష్టపడి సంపాదించుకున్న పరువును పోగొట్టుకోవడానికి ఎంతసేపు పడుతుందో మీలో చాలామందికి తెలియకపోవచ్చు. నాకు తెలుసు. ముప్పై అయిదు నిమిషాలు. అదీ పట్టపగలు, ఎల్లారెడ్డి ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా, పోలీసుల సమక్షంలో, ఎవరూ బలవంతం చేయకుండా, నా అంతట నేనే పోగొట్టుకున్నాను.

నేను కామారెడ్డిలో తెలుగు ఉపాధ్యాయుణ్ణి. జీవితంలో ఒక్క చుక్క ముట్టినవాణ్ణి కాను. ఈ మాట చివరిదాకా గుర్తుంచుకోవాలని మనవి. మధ్యలో మీకు అనుమానం వస్తుంది.

తాగకపోవడం తప్పు కాదు. తాగనని ఊరంతా చెప్పుకుంటూ తిరగడం నా జబ్బు. చావైనా, పెళ్ళైనా, ఇద్దరు మనుషులు ఒకచోట కూర్చుంటే చాలు, మద్యపానం మీద ఉపన్యాసం మొదలుపెట్టేవాణ్ణి. చుట్టాలు దావత్‌లకు పిలవడం మానలేదు గాని, నాకు మాత్రం గంట ఆలస్యంగా టైము చెప్పేవారు. నేను వెళ్ళేసరికి గ్లాసులు కడిగి బోర్లించి ఉండేవి. అందరూ నన్ను చూసి ఎంతో ప్రేమగా నవ్వేవారు. నా మాటల ప్రభావం అనుకునేవాణ్ణి.

ఆ ఊపులో ఒక పత్రిక పాఠకుల పేజీకి ఉత్తరం రాశాను. "డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలు చీకటి పడ్డాకే ఎందుకు? పగలు తాగినవాడు తాగుబోతు కాడా? దగ్గుమందు తాగానని, పంటినొప్పికి పుక్కిలించానని చెప్పే కుంటిసాకులు వినరాదు. యంత్రం అబద్ధమాడదు" అని నా పూర్తి పేరుతో, హోదాతో అచ్చయింది. పది జిరాక్సులు తీయించి పంచిపెట్టాను. స్టాఫ్ రూములో ఒకటి అంటించాను కూడా.

వారం తిరక్కుండానే ఎల్లారెడ్డిలోని ఒక జూనియర్ కాలేజీ నుంచి ఫోను. శనివారం పదకొండు గంటలకు పోలీసులతో కలిసి అవగాహన సదస్సు పెడుతున్నారట. నేనే ముఖ్యవక్తనట.

శుక్రవారం మా మేనబావ ఇంట్లో పప్పుగారెలు మితంగా తిన్నాను. మితం అంటే ఆయన దృష్టిలో మితం. శనివారం పొద్దున లేచేసరికి కడుపు తబలాలా బిగుసుకుని ఉంది. మా అమ్మ అల్మారాలోంచి ఒక సీసా తీసింది.

"దశమూలారిష్టం. రెండు మూతలు నీళ్ళల్ల కలుపుకొని తాగు. దార్ల నొస్తే ఇంకో రెండు మూతలు తాగు."

"ఏం కాదు కదా?"

"నాకు ఏమన్న అయిందా ఇన్నేండ్లు?"

సీసాను ఉపన్యాసం కాగితాల పక్కన సంచిలో పెట్టుకుని బైకు మీద బయలుదేరాను. దారిలో కడుపు మళ్ళీ మెలిపెట్టింది. బండి పక్కకు ఆపి సీసా తెరిచాను. మూత చేతిలోంచి జారి తుప్పల్లో పడింది. ఇక కొలత ఎక్కడిది? నీళ్ళు అసలే లేవు. ఎత్తి ఒక గుక్క తాగాను, కాగితం ముక్కను ఉండచుట్టి బిరడాలా పెట్టి బండెక్కాను. మలుపు తిరగగానే రోడ్డుకు అడ్డంగా బారికేడ్లు. పోలీసులు. పట్టపగలు తనిఖీ!

నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. నా ఉత్తరం పనిచేసింది!

అక్కడ ఏఎస్ఐ రాములు గారు ఉన్నారు. నెరిసిన మీసాలు, నిదానం మనిషి. సదస్సుకు పిలిచిన రోజు కాలేజీవాళ్ళ తర్వాత ఫోను అందుకుని మాట్లాడింది ఆయనే. సదస్సు పోస్టరులో ఫోటో చూశారేమో, నన్ను గుర్తుపట్టి బారికేడు కాస్త జరిపించారు.

"నమస్తే సార్. మీరు పోర్రి. పిల్లలు ఎదురుచూస్తున్నరు. నేను గిది ముగించుకొని వస్త."

ఇక్కడే, పాఠకులారా, నేను "సరే" అని వెళ్ళిపోయి ఉండవచ్చు. రెండక్షరాల మాట. రాలేదు.

"నన్నెందుకు వదిలేస్తున్నారు? చట్టం అందరికీ సమానం. నేనూ ఊదుతాను" అన్నాను, పక్కనున్న జనానికి కూడా వినబడేలా. ఆపిన బండ్లవాళ్ళు, టీ కొట్టువాళ్ళు కలిపి ముప్పైమంది దాకా ఉన్నారు. నరేశ్ అనే కుర్ర విలేకరి ఫోను పట్టుకుని, పగటి తనిఖీల మీద ప్రజాభిప్రాయం సేకరిస్తున్నాడు. అతను వెంటనే ఫోను నా వైపు తిప్పాడు.

"మీరు తాగరని అందరికి ఎరుకే గద సార్" అన్నారు రాములు గారు.

"ఊదకుండా కదలను."

ఆయన నిట్టూర్చి యంత్రానికి కొత్త గొట్టం తొడిగారు. నేను శంఖం పూరించినట్టు ఊదాను. యంత్రం కీచుమంది.

"అరవై ఒకటి" అన్నారు రాములు గారు మెల్లగా.

అరవై దాటితే ఫస్ట్ క్లాసు అనుకునే వృత్తి నాది. ఒక క్షణం సంతోషించాను.

"ముప్పై దాటితే కేసు సార్" అన్నారాయన, ఇంకా మెల్లగా.

"మీ యంత్రం పాడైంది!"

"యంత్రం అబద్ధమాడదని పేపర్ల మీరే రాసిండ్రు గద సార్. మా సీఐ సారు స్టేషన్ల అందరికి సదివి వినిపిచ్చిండు." ఆయన గొంతులో వెటకారం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "నిజం చెప్పుర్రి. ఏమన్న తాగిండ్రా?"

నిజం చెప్పాలన్న తొందరలో నా వ్యాకరణమంతా ఎగిరిపోయి ఇంటి భాష బయటికొచ్చింది. "మందు తాగిన! అంతే!"

వెనకనుంచి ఎవరో మెచ్చుకోలుగా అన్నారు. "సారు దాచుకుంటలేడు. ఒప్పుకుంటుండు."

"ఆ మందు కాదు! మా అమ్మ ఇచ్చింది!"

"తల్లే తాపిందట!" అని ఆ వార్త టీ కొట్టు దాకా వెళ్ళింది.

నరేశ్ ఫోను జనం వైపు తిప్పి అభిప్రాయాలు అడగడం మొదలుపెట్టాడు. పదేళ్ళు దుబాయిలో వెల్డింగ్ పనిచేసి వచ్చిన యూసుఫ్ భాయ్ మొదట గొంతు సవరించుకున్నాడు. "దుబాయిల అయితే సారు ఇప్పటికి సీదా లోపల ఉంటుండె. ఇక్కడ ఇజ్జత్‌తోని నిలబెట్టి మాట్లాడుతున్నరు. మన పోలీసులు మంచోళ్ళు."

తలపాగా చుట్టుకున్న ఒక రైతు ఒప్పుకోలేదు. "ఊరూరికి బెల్టు దుకాణం ఉండనిస్తరు. అక్కడ ఆపరు, రోడ్డు మీద ఆపుతరు. ఇదేం న్యాయం? పాపం చదువుకున్న సారు కూడ దొరికె."

"చదువుకున్నోళ్ళే ఎక్కువ తాగుతరు" అన్నాడు టీ కొట్టతను, గ్లాసు కడుగుతూ.

నా మీద ఇన్ని అభిప్రాయాలు వింటూ నిలబడటం నావల్ల కాలేదు. అప్పుడు నాకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. ఇలాంటి ఆలోచన వచ్చినప్పుడు మనిషిని పట్టుకుని కూర్చోబెట్టే మనుషులు పక్కన ఉండాలి. నాకెవరూ లేరు. సంచిలోంచి సీసా తీసి పైకెత్తి పట్టుకున్నాను.

"చూడండి! ఇది ఆయుర్వేదం! ఇందులో ఏ దోషమూ లేదు! ఇదిగో, అందరి ముందు తాగుతున్నాను!"

"సార్, వద్దు..." అని రాములు గారు చెయ్యి చాపేలోగా గటగటా రెండు గుక్కలు తాగేశాను. నరేశ్ ఫోను నా ముఖానికి జానెడు దూరంలో ఉంది.

మూతి తుడుచుకుని, గెలిచినవాడిలా యంత్రం అందుకుని ఊదాను.

"తొంభై నాలుగు."

"మాషా అల్లా, డిస్టింక్షన్" అన్నాడు యూసుఫ్ భాయ్.

నరేశ్ సీసా తీసుకుని దాని మీది చిన్న అక్షరాలు బయటికి చదివాడు. తయారీలో దానంతటదే ఆల్కహాలు పుడుతుందని తెలుగులోనే రాసి ఉంది. తెలుగు నేను చదవలేని భాష కాదు. పైగా అరిష్టం అంటే కీడు అని పిల్లలకు ఏటా చెప్తాను. సీసా మీద అంత పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా నాకు తట్టలేదు.

రాములు గారు నన్ను పక్కకు తీసుకెళ్ళి వేపచెట్టు నీడలో కూర్చోబెట్టారు. "ఇప్పుడే తాగింది నోట్ల ఉంటది సార్, మిషన్ దాన్నే ఎక్కువ సూపెడుతది. మంచిగ నీళ్ళు పుక్కిలించుర్రి. పావుగంట దాటెదాక ఏం తాగకుర్రి. మళ్ళ ఊదుర్రి. అప్పుడు కూడ ముప్పై దాటితే, మీరైనా, మా అన్న అయినా, కేసు రాస్త."

నీళ్ళు పుక్కిలించి చేతులు కట్టుకుని కూర్చున్నాను. కేసు అయితే కోర్టు. కోర్టు అయితే హెడ్మాస్టరు గారి మెమో. ఆపైన పదో తరగతి పిల్లలు. వెనక బెంచీల ముఖాలు ఒక్కొక్కటే కళ్ళ ముందు కదిలాయి. నిజం చెప్తున్నాను, హెడ్మాస్టరు గారికి రాయాల్సిన సంజాయిషీని పైకే వల్లించుకోసాగాను.

పోలీసులు ఆపిన ఒక ఆటోలో కూర్చున్న పెద్దావిడ చెవిన ఆ మాటలు పడ్డాయి. దిగి వచ్చి నా పక్కన కూలబడింది. పేరు లింగవ్వ అట. కూతురింటికి పోతోందట.

"ఏం బిడ్డ, గంత భయపడుతున్నవ్?"

"పరువు పోయిందమ్మా" అన్నాను.

"ఒక్కడు పొద్దుగాలనే తాగి ట్రాక్టర్ నడిపి మా నడిపోన్ని గుద్దిండు. మోకాలు కాడికి కాలు తీసేసిండ్రు. ఆ దినం గీ పోలీసు సారు లెక్క ఎవ్వరన్న ఒక్కడు దార్ల వాన్ని ఆపుంటే, నా కొడుకు ఇప్పుడు నాగలి పట్టుతుండె." జనం వైపు చూసి గొంతు పెంచింది. "నన్ను ఎవ్వరు అడగరు గని, నా అభిప్రాయం గది. ఆపుర్రి. పొద్దుగాల ఆపుర్రి, మాపటికి ఆపుర్రి. గీ సారు తాగిండో లేదో నాకెరుక లేదు. ఆపితే పోయింది పావుగంట. గంతే గద?"

తలపాగా రైతు నేల చూశాడు. నరేశ్ ఫోను దించాడు. నేను అన్నేళ్ళుగా ఇచ్చిన ఉపన్యాసాలన్నీ కలిపినా ఆ నాలుగు మాటలంత బరువు తూగవని నాకు ఆ చెట్టు కిందే అర్థమైంది. కాకపోతే ఆ సమయంలో నా నోరు అరిష్టం వాసన కొడుతోంది కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

ఇరవై నిమిషాలు గడిచాయి. రాములు గారు కొత్త గొట్టం తొడిగారు, నరేశ్ మళ్ళీ ఫోను ఎత్తాడు. ఈసారి శంఖం లేదు. అగ్గిపుల్ల ఆర్పినట్టు ఊదాను.

"ఇట్ల కాదు సార్, గట్టిగ."

గట్టిగా ఊదాను. యంత్రం కాసేపు ఆలోచించింది.

"సున్నా!" అన్నారాయన. నాకంటే ఆయనే ఎక్కువ సంతోషించి నాకు సెల్యూట్ కొట్టారు. ఒక ఉపాధ్యాయుడు సున్నా తెచ్చుకుని కళ్ళనీళ్ళు పెట్టుకోవడం ఆ రోడ్డు మీద అదే మొదటిసారి అయి ఉంటుంది. జనం చప్పట్లు కొట్టారు.

సదస్సుకు ఆలస్యంగా వెళ్ళి, రాసుకున్న కాగితాలు సంచిలోనే ఉంచి, జరిగింది జరిగినట్టు చెప్పాను. లింగవ్వ మాటలు కూడా చెప్పాను. పిల్లలు ముందు పడీపడీ నవ్వారు, తర్వాత నిశ్శబ్దంగా విన్నారు. ఇంతటితో కథ గౌరవంగా ముగిసి ఉండేది.

కానీ నరేశ్ వీడియో పెట్టాడు. నిడివి తగ్గించాలి కాబట్టి మొదటి రెండు లెక్కలూ, ఆపైన ఇరవై నిమిషాలూ తీసేశాడు. మిగిలింది ఇది: నేను పోలీసుల ముందు సీసా ఎత్తి గటగటా తాగుతాను. వెంటనే ఊదుతాను. సున్నా. ఏఎస్ఐ సెల్యూట్.

సోమవారం సాయంత్రం మా ఇంటికి ముగ్గురు వచ్చారు. చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. పెద్దాయన బయటికెవరికీ వినబడకుండా అడిగాడు. "సార్, మిషన్ల సున్నా తెప్పిచ్చే మందు పేరేంది?"

వాళ్ళకు గంటసేపు చెప్పి చూశాను. వాళ్ళు తలలూపి, నేను రహస్యం దాస్తున్నానన్న నమ్మకంతో వెళ్ళిపోయారు. బుధవారానికి కామారెడ్డి మందుల దుకాణాల్లో దశమూలారిష్టం అయిపోయింది. మా అమ్మకు కూడా దొరకలేదు. ఆమె నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ వచ్చే శనివారం రాములు గారి ఫోను. "సార్, జర తొందరగ రావాలె."

అదే రోడ్డు, అదే బారికేడ్లు. దొరికినవాళ్ళు వరుసగా నిలబడి ఉన్నారు. గాలి అంతా ఆయుర్వేదం వాసన. కారణం అడిగితే ఒక్కొక్కరిదీ ఒకటే సమాధానం: "తెలుగు సారు చెప్పిండు." అందరికీ కేసులు రాస్తున్నారు. నేను తల దించుకుని నిలబడ్డాను. వరుసలో చివరివాడు ఊదాడు. నూట నలభై దాటింది. అతను యంత్రాన్ని చూడలేదు, పోలీసునీ చూడలేదు. అమాయకంగా నా వైపు తిరిగాడు.

"సార్, నాకెందుకు పనిచెయ్యలే? ఎన్ని మూతలు తాగాల్సుండె?"

కావున, కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రజలందరి సమక్షంలో ప్రమాణం చేసి చెప్తున్నాను. ఇకమీదట పోలీసులు ఆపితే ఆగుతాను. పొమ్మంటే నోరు మూసుకుని పోతాను. ఊదమంటే ఊదుతాను, ఊదరగొట్టను. నేను నిర్దోషినని నిరూపించుకోవడానికి మాత్రం ఈ జన్మలో ఎవరి ముందూ ఏదీ తాగను, మంచినీళ్ళతో సహా.