కత్తి కింద పడేయమన్నారు

నా మణికట్టు విరిగినప్పుడు వచ్చిన చప్పుడు నాకు కొత్తది కాదు. మేక ముందుకాలు కీలు దగ్గర పట్టుకుని వెనక్కి వంచితే సరిగ్గా అదే చప్పుడు వస్తుంది. పదో తరగతి రెండుసార్లు తప్పాక నేను నేర్చుకున్న చదువంతా మేకలోనే ఉంది కాబట్టి, నొప్పి తెలియకముందే చప్పుడు గుర్తుపట్టాను. నా ముఖం మటన్ గిన్నెలో ఉంది. వీపు మీద ఒక పోలీసు మోకాలు ఉంది. "స్టాప్ రెసిస్టింగ్!" అని అతను అరుస్తున్నాడు. నేను ఉప్పూ పసుపూ మింగుతున్నాను.

ఇదంతా షికాగోకి రైలెక్కి పోయే ఒక ఊళ్ళో, ఆదివారం పొద్దున పదింటికి, మా వంటింట్లో.

నా భార్య మా మేనమామ కూతురు, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. నేను మటన్ కొట్టేవాణ్ణి. మేనరికం కాకపోతే ఈ సంబంధం ఏ పిచ్చివాడూ కుదర్చడు. ఆమె వీసా తోక పట్టుకుని ఇక్కడికొచ్చాను. పని చేసుకోవడానికి ప్రభుత్వం నాకో కార్డు ఇచ్చింది. గడువు తీరినప్పుడల్లా మళ్ళీ అడుక్కోవాలి. ఇండియన్ మాంసం కొట్టులో ఎముక కొట్టడానికి వాషింగ్టన్ అనుమతి కావాలన్నమాట. మేక తొడ మీద ఒక ముద్ర, నా కార్డు మీద ఒక ముద్ర. తేడా ఏమిటంటే మేకకి రెన్యువల్ లేదు.

మావయ్య ఆరు నెలలు ఉండి పోదామని వచ్చాడు. వీఆర్వోగా చేసి రిటైరైన మనిషి. ప్రభుత్వం అన్న మాట వినబడితే కుర్చీలో నిటారుగా సర్దుకుంటాడు. ఆయన్ని ఏడిపించకపోతే నాకు తిన్నది అరగదు.

ఆ ఆదివారం నా భార్య కూరగాయలకని బయటికెళ్ళింది, మేమిద్దరం మటన్ ముందేసుకుని కూర్చున్నాం. నేను కొడుతున్నాను, ఆయన కడుగుతున్నాడు.

"ప్రభుత్వం లేకపోతే జనం ఒకళ్ళనొకళ్ళు పీక్కు తింటారురా అల్లుడూ."

"ఉంటే అదొక్కటే తింటుంది మావయ్యా. కుదురుగా, వరసలో నిలబెట్టి."

"నోర్ముయ్యి. మొన్న కొట్లోకి తుపాకీవాడొచ్చినప్పుడు ఎవరు కాపాడార్రా నిన్ను? మీ అత్తయ్యా?"

అది నిజమే. ఆ దొంగ తుపాకీ మడమతో మా కౌంటరు కుర్రాణ్ణి కొడితే పళ్ళు త్రాసులో పడ్డాయి. పోలీసులు వచ్చి ఆ దొంగని గచ్చుకేసి అణిచారు. ఆ రోజు వాళ్ళ బూట్లకి దండం పెట్టాలనిపించింది. అందుకే పోలీసులే వద్దు, ప్రభుత్వమే వద్దు అనే వెర్రి నాకు లేదు. రావాలి. ఎంతవరకు రావాలన్న దగ్గరే నా పేచీ.

"అత్తయ్యైతే తుపాకీ కూడా లాక్కునేది" అన్నాను. మావయ్య పగలబడి నవ్వి, నావల్ల కాదంటూ తడిచేతులతోనే ఇంటి వెనక చెక్క అరుగు మీదికి పోయాడు. పక్కింటి పెద్దావిడ కంచె అవతల నుంచి ఎలా ఉన్నారని పలకరించింది. జోకులేసి వీడు నన్ను చంపేస్తున్నాడని మనం అనుకునే మాటనే ఆయన ఇంగ్లీషులోకి దింపాడు.

"మై సన్-ఇన్-లా ఈజ్ కిల్లింగ్ మీ, మేడమ్! డైలీ కిల్లింగ్!"

రెండు చేతులూ ఎత్తి మరీ చెప్పాడు. మోచేతుల దాకా నెత్తురు. ఆవిడ మంచిది. పోలీసులకి ఫోన్ చేసింది.

తలుపు తట్టగానే మావయ్యే తీశాడు. గుమ్మంలో యూనిఫారాలు. నలభై ఏళ్ళు సర్కారు నౌకరీ చేసిన మనిషి, ఆఫీసర్లు ఇంటికొస్తే నిలబెట్టి మాట్లాడతాడా? "కమ్, కమ్! సిట్, సిట్! కాఫీ?" అన్నాడు. ఆ రెండు 'కమ్'లతో, వారంటు అక్కర్లేకుండానే ఇల్లు మొత్తం వాళ్ళకి అప్పజెప్పినట్టేనని తరవాత మా లాయరు చెప్పాడు.

వాళ్ళు ఆయన చేతులు చూశారు. తుపాకులు బయటికొచ్చాయి. నేను వంటింట్లో వీపు తిప్పుకుని ఉన్నాను, అల్లంవెల్లుల్లికి మిక్సీ తిరుగుతోంది, చేతిలో కత్తి.

"డ్రాప్ ద నైఫ్!"

మా పనిలో కత్తిని కింద పడెయ్యరు. పడితే ఎగిరి ఎవరి కాలో తెగుతుంది. చెంప పగలగొట్టి నేర్పిన మొదటి పాఠం అది. నేను "ఓకే, ఓకే" అంటూ కత్తిని నెమ్మదిగా మొద్దు మీద, పదును గోడవైపు ఉండేట్టు పెట్టబోయాను. ఆ నెమ్మది వాళ్ళకి ఎదురుతిరగడంలా కనిపించింది. జుట్టు దొరికింది, మెడ దొరికింది, చెయ్యి వెనక్కి మెలి తిరిగింది. "సార్, సార్, గుడ్ బాయ్ సార్!" అని అడ్డొచ్చిన మావయ్యని ఒకడు తోశాడు. ఆయన నుదురు గ్రానైట్ అంచుకి కొట్టుకుంది. ఈసారి ఆయన మీదున్నది ఆయన నెత్తురే.

నా మీద పోలీసులని ప్రతిఘటించినట్టు కేసు పెట్టారు. రెండు వారాలకి సర్కారు వకీలు దగ్గర్నుంచి ఒక కాగితం వచ్చింది. పోలీసుల మీద ఎప్పటికీ దావా వెయ్యనని సంతకం పెడితే కేసు తీసేస్తారట.

"సైన్ చేసెయ్ బావా" అంది నా భార్య. "నెక్స్ట్ మంత్ నీ కార్డ్ రెన్యువల్. రికార్డ్‌లో కేసుంటే అది రాదు. నిన్ను పంపించేస్తే నేనొక్కదాన్నే ఏం చెయ్యను ఇక్కడ?"

మావయ్య నుదుటి మీద కుట్లతో, కళ్ళద్దాలు పెట్టుకుని, కాగితాన్ని కూతురి చేత తెలుగులో రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"పెట్టకురా."

"అదేంటి నాన్నా!"

"ఇలాంటివి నేనెన్ని పెట్టించానో. కాలవకి పొలం పోయినవాడి చేత, ఆఫీసు జీపు గుద్దినవాడి చేత. 'నా ఇష్టపూర్వకంగా' అని రాసేవాణ్ణి."

"వాళ్ళకి ఇష్టమేనా మావయ్యా?"

"ఇష్టమైతే రాయించుకోవడం దేనికిరా?"



సంతకం పెట్టలేదు. నా భార్య తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. లాయరు పోలీసు ఛాతీ మీది కెమెరా వీడియో ఇవ్వమని పట్టుబట్టాడు. అందులో కత్తి మొద్దువైపు మెల్లగా దిగుతోంది, నా "ఓకే, ఓకే" వినబడుతోంది. వాయిదాకి ముందురోజు కేసు ఉపసంహరించుకున్నట్టు ఒక్క వాక్యం మెయిల్ వచ్చింది. క్షమించమన్న మాట అందులో లేదు. నా కార్డు వచ్చింది. మణికట్టు మాత్రం వంకరగా అతికింది. ఎముక కొట్టే పని అయిపోయింది, ఇప్పుడు కౌంటరు దగ్గర నిలబడి పొట్లాలు కడుతున్నాను.

ఆ తరవాత ఊరి పోలీసు శాఖకి ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాం. తెలుగులో రాస్తే తను ఇంగ్లీషులో పెడతానంది నా భార్య. ఆయుధంతో వచ్చినవాళ్ళు ఎందుకొచ్చారో గుమ్మం దగ్గరే చెప్పాలి, రమ్మన్నా సరే చెప్పాకే లోపలికి రావాలి అన్నది మా కోరిక. నా చెయ్యి తిరగదు కనక కలం మావయ్యది.

"తమ దివ్య సముఖమునకు వినయపూర్వకంగా..." అని మొదలెట్టాడు.

"మావయ్యా, అర్జీ కాదిది."

ఆయన ఆగి, 'దివ్య' కొట్టేశాడు. కాసేపు చూసి 'వినయపూర్వకంగా' కూడా కొట్టేశాడు. 'తమ' దగ్గర కలం ఆగిపోయింది.

"మరి వాళ్ళని ఏమనాలిరా?"

"'మీరు' చాలు."