తేనెపిట్ట గొంతు

తొంభైల చివర్లో మేము కొత్తగూడలో కిరాయికి దిగిన కొత్తలో, బాల్కనీలో బట్టలారేసే తీగకు ఒక తేనెపిట్ట గూడు కట్టడం మొదలుపెట్టింది. మావారి ఉద్యోగం బండరాళ్ల మధ్య కొత్తగా లేచిన అద్దాల మేడలో. ఆఫీసులో ఎవరో పక్షుల పుస్తకం ఇచ్చారు. ఇంకేముంది, ఆదివారం పొద్దుటికల్లా ఆయన పక్షిశాస్త్రంలో పండితులైపోయారు.

"ఇది ఊదా తేనెపిట్ట," అని తేల్చేశారు, గూడు కడుతున్న ఆడపిట్టను చూసి.

మా వైపు తిరిగే తేనెపిట్టలు రెండు రకాలు. ఒకదాని మగపిట్ట ఒళ్లంతా ఊదాగా మెరుస్తుంది. రెండోదాని మగపిట్టకు పొట్ట పసుపు. చిక్కల్లా ఆడవాటితోనే. రెండూ వెలిసిన చీరలు కట్టుకున్న అక్కచెల్లెళ్లలా ఉంటాయి. కాకపోతే ఊదా జాతి ఆడపిట్టకు పొట్టతోపాటు గొంతు కూడా పసుపే, రెండోదానికి గొంతు మాత్రం తెల్లబారి ఉంటుంది. ఆ సంగతీ ఆయన పుస్తకంలోనే చదివాను.

"దీని గొంతు తెల్లగా ఉందండీ."

"అది ఎండ. నీకలా కనిపిస్తోంది."

మా వాదన విని ఇంటి ఓనరమ్మ పైకొచ్చింది. "ఏ పిట్టయితే ఏందమ్మా? జర సప్పుడు జెయ్యకుండ్రి. మీ లొల్లికే ఎగిరిపోయెటట్టున్నది."

పిట్ట ఎగిరిపోలేదు. పిల్లలు కూడా పుట్టాయి. ఒకరోజు కింద మందారం మీద ఊదా మగపిట్ట వాలింది.

"చూశావా, తండ్రిగారు వచ్చారు!"

ఆయన మాట పూర్తికాకముందే పసుపు పొట్ట మగపిట్ట దూసుకొచ్చి తండ్రిగారిని తరిమేసింది. ఆ తర్వాత పురుగును పట్టుకొచ్చి గూట్లో పిల్లకు తినిపించింది.

మావారు పుస్తకం మూసి, "కాఫీ ఉందా?" అన్నారు.

తర్వాతి ఆదివారం ఆఫీసు స్నేహితులిద్దరు గూడు చూడటానికి వచ్చారు.

"రెండు జాతులూ ఒకేలా ఉంటాయి. గొంతు చూడాలి," అని మావారు వాళ్లకు చెబుతున్నారు. "తెల్లగా ఉందా, పసుపు పొట్టవాడి భార్యే. నేను మొదటిరోజే పట్టేశాను."

"ఎంత నిశితంగా చూస్తారండీ మీరు!" అన్నారు వాళ్లలో ఒకాయన.

నేను బిస్కెట్ల పళ్లెం అక్కడ పెట్టి, నవ్వు ఆపుకోవడానికి వంటింట్లోకి పరుగెత్తాను. వెళ్లేటప్పుడు ఆ మెచ్చుకున్నాయనే, "నిజాంపేటలో మా ఇంటికీ ఇలాంటిదే ఒకటి వస్తోంది. వచ్చి అది ఏ జాతో చెప్పండి," అని మావారిని పిలిచారు.

"తప్పకుండా," అన్నారు మావారు. వాళ్లు మెట్లు దిగాక నా వైపు తిరిగి, "నువ్వూ రా," అన్నారు, "ఊరికే, తోడుగా."